బొమ్మ రైలింజనుకు డిజిటల్ డీకోడరు: తక్కువ ఖర్చుతో సరైన ఎంపిక

పాత మోడల్ రైలింజన్లను డిజిటల్ పద్ధతికి మార్చుకోవాలనుకునేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: అన్నింటికంటే చవకగా దొరికే డీకోడరు ఏది? ప్రశ్న సహజమైనదే. ఇంట్లో పది ఇంజన్లుంటే డీకోడరు ధరను పదితో గుణించుకోవలసిందే కదా! అయితే ఇంజను మూత విప్పి చూడకముందే ఈ ప్రశ్న అడగడం వల్ల నష్టపోయినవారు చాలామంది ఉన్నారు. తపాలా బిళ్ళ కంటె చిన్నదైన ఆ పలక, తనకు తగని మోటారుకు తగిలించినప్పుడు రెప్పపాటులో మాడిపోతుంది. పోయేది దాని ధర ఒక్కటే అయితే కొంత నయం. ఒక్కొక్కసారి ఆ వేడికి ఇంజను ప్లాస్టిక్ తొడుగు కూడా కరిగి, మళ్ళీ అంగడిలో దొరకని వస్తువు చేజారిపోతుంది.

మన ప్రాంతాలలో ఈ వ్యాపకం ఉన్నవారు కొద్దిమందే. వారిలో ఎక్కువమంది చేతిలో ఉన్నవి విదేశాలలో స్థిరపడిన పిల్లలో బంధువులో తెచ్చి ఇచ్చిన ఇంజన్లు. డీకోడర్లను కూడా తరచు బయటి దేశాల నుంచే తెప్పించుకోవాలి. తపాలా ఖర్చు, దిగుమతి సుంకం, వారాల తరబడి నిరీక్షణ తప్పవు. చెడిపోతే వెనక్కి పంపడం కొన్నదానికంటె ఎక్కువ ఖర్చు. అందువల్ల కొనేముందే సరిగ్గా ఎంచుకోవడం ఇతరులకంటె మనకే ఎక్కువ అవసరం. ఈ వ్యాసం చెప్పదలచినది ఇదే: ఏ డీకోడరు చవక అన్న సంగతి ధరల పట్టిక చెప్పదు, మన చేతిలోని ఇంజను చెబుతుంది.

పాత పద్ధతి, కొత్త పద్ధతి

పాత పద్ధతిలో పట్టాలలోనికి సున్న నుంచి 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు పంపుతారు. వోల్టేజి పెంచితే బండి వేగం పెరుగుతుంది. ధన, ఋణ ధ్రువాలను తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. ఇందులో ఉన్న చిక్కు ఏమంటే, ఒకే పట్టాలపై రెండు ఇంజన్లుంటే రెండూ ఒకేసారి కదులుతాయి, ఒకేసారి ఆగుతాయి. ఒకదానిని నిలిపి మరొకదానిని నడపాలంటే పట్టాలను ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకు ఒక స్విచ్చి పెట్టుకోవాలి. బండి ఆగితే దీపమూ ఆరిపోతుంది.

డిజిటల్ కమాండ్ కంట్రోల్, అనగా డీసీసీ పద్ధతిలో ఇందుకు భిన్నంగా, పట్టాలలో ఎల్లవేళలా పూర్తి వోల్టేజి ఉంటుంది. హెచ్ఓ పరిమాణపు బండ్లకు అది సాధారణంగా 14 నుంచి 16 వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. ఆ విద్యుత్తు ధ్రువాలు సెకనుకు కొన్ని వేలసార్లు తారుమారవుతూ ఉంటాయి. ఆ మార్పుల నిడివిలోనే ఆదేశం దాగి ఉంటుంది. సగం ఆవృత్తి 58 మైక్రోసెకన్లు ఉంటే అది "ఒకటి", 100 మైక్రోసెకన్లు గాని అంతకు మించి గాని ఉంటే అది "సున్న". ఈ ఒకట్లు, సున్నల వరుసలో ముందు ఇంజను చిరునామా, తరువాత ఆదేశం, చివర పొరపాటును పట్టే తనిఖీ సంఖ్య ఉంటాయి. పట్టాలపై ఉన్న ఇంజన్లన్నీ ఆ సందేశాన్ని వింటాయి. చిరునామా ఎవరిదో ఆ ఇంజను మాత్రమే కదులుతుంది. ఊరంతా వినేలా దండోరా వేసినా పేరు పిలిచినవాడే పలికినట్లన్నమాట.

ఈ ఏర్పాటుకు మూలం 1980ల చివర జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతి. 1935లో ఏర్పడిన అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, అనగా ఎన్ఎంఆర్ఏ, దానిని ఆధారంగా చేసుకొని 1994లో ప్రమాణాలను ఆమోదించింది. దీనివల్ల కొనుగోలుదారుకు కలిగిన లాభం పెద్దది. ఒక సంస్థ కంట్రోలరుతో మరొక సంస్థ డీకోడరును నిశ్చింతగా వాడుకోవచ్చు. జర్మనీకి చెందిన లెంజ్, ఈఎస్‌యూ, ఆస్ట్రియాకు చెందిన జిమో, అమెరికాకు చెందిన డిజిట్రాక్స్, ఎన్‌సీఈ, టీసీఎస్, సౌండ్‌ట్రాక్స్ వంటి సంస్థలు ఈ రంగంలో పేరున్నవి. ఇన్ని సంస్థలు పోటీ పడటం వల్లనే చవక డీకోడర్లు కూడా అందుబాటులోకి వచ్చాయి.

డీకోడరు లోపల ఏముంది?

డీకోడరు నిజానికి ఒక బుల్లి కంప్యూటరు. పట్టాల నుంచి వచ్చిన విద్యుత్తును ఏకముఖంగా మార్చే రెక్టిఫయరు, సందేశాన్ని చదివే మైక్రోకంట్రోలరు, మోటారుకు విద్యుత్తును అందించే నాలుగు ట్రాన్సిస్టర్ల వంతెన, దీపాలు వెలిగించే చిన్న స్విచ్చులు దానిలోని ముఖ్యభాగాలు. ఇది మోటారుకు పూర్తి వోల్టేజినే ఇస్తుంది, కాని తుంపులు తుంపులుగా ఇస్తుంది. తుంపు వెడల్పు పెరిగితే వేగం హెచ్చుతుంది, తగ్గితే తగ్గుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. పాత పద్ధతిలో పట్టాలకు, మోటారుకు మధ్య ఏదీ లేదు. ఇప్పుడు వాటి మధ్య డీకోడరు కూర్చుంటుంది. పట్టాల విద్యుత్తు డీకోడరు గుండా తప్ప మరే దారిన మోటారును తాకరాదు. తాకితే, నాలుగు ట్రాన్సిస్టర్లలో బలహీనమైనది మొదట పోతుంది. కాలిన డీకోడర్లలో అనేకం పోయేది ఈ కారణంగాగాని, మోటారు మోయలేనంత ప్రవాహం లాగడం వల్లగాని. ఈ రెండింటినీ కొనకముందే పరీక్షించవచ్చు. ఆ పరీక్షలకు మల్టీమీటరు ఒక్కటి చాలు.

మొదటి పరీక్ష: ఇంజను ఎంత లాగుతుంది?

చక్రాలు తిరగకుండా పట్టి ఆపినప్పుడు మోటారు లాగే ప్రవాహాన్ని స్టాల్ కరెంటు అంటారు. మోటారు లాగగల గరిష్ఠ ప్రవాహం అదే. బండి పట్టాలు తప్పి చక్రం ఇరుక్కున్నప్పుడు, గేరులో దారం పోగు చుట్టుకున్నప్పుడు డీకోడరు మోయవలసిన బరువు అది. ఎద్దు సత్తువ చూడకుండా బండికి బరువెత్తడం ఎటువంటిదో, స్టాల్ కరెంటు చూడకుండా డీకోడరు కొనడం అటువంటిది.

కొలిచే విధానం ఇది. ఇంజనును పాత డీసీ పట్టాలపై ఉంచి, ఒక తీగ మధ్యలో మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి కలపాలి. 12 వోల్టులు ఇచ్చి, చక్రాలు ఆగిపోయేవరకు ఇంజనును పైనుంచి అదమాలి. ఒకటి రెండు సెకన్లలో అంకె చూసుకొని విడిచిపెట్టాలి. అంతకు మించి పట్టి ఉంచితే మోటారు చుట్టలే వేడెక్కి చెడిపోతాయి.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటున్నది. పిల్లల రైలు సెట్టుతో వచ్చే చిన్న కంట్రోలర్లకు అంత ప్రవాహం ఇచ్చే శక్తి ఉండదు. ఇంజనును అదిమినప్పుడు వాటి వోల్టేజి పడిపోతుంది. ఫలితంగా ప్రవాహం కూడా తక్కువగా కనిపించి మనలను మోసగిస్తుంది. అందువల్ల ఆ క్షణంలో పట్టాల మధ్య వోల్టేజి ఎంత ఉన్నదో కూడా చూడాలి. ఉదాహరణకు, అదిమినప్పుడు వోల్టేజి 9కి పడిపోయి ప్రవాహం 0.75 ఆంపియర్లుగా కనిపించిందనుకుందాం. డీసీసీ పట్టాలపై ఉండే 14 వోల్టులకు దానిని లెక్కిస్తే 0.75ను 14తో గుణించి 9తో భాగించాలి. అది సుమారు 1.17 ఆంపియర్లు అవుతుంది. మొదటి అంకెను నమ్మి ముప్పావు ఆంపియరు డీకోడరు కొన్నవారు అన్యాయమైపోతారు.

డీకోడరుపై రెండు అంకెలుంటాయి: నిరంతరం మోయగలది, క్షణకాలం మోయగలది. అమ్మకందారులు పెద్ద అక్షరాలతో అచ్చువేసేది తరచు రెండవదే. మనం చూడవలసింది మొదటిది. అది మనం లెక్కించిన స్టాల్ కరెంటుకు సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలి. హెచ్ఓ, ఓఓ ఇంజన్ల కోసం అమ్మే సాధారణ డీకోడర్లు 1 నుంచి 1.5 ఆంపియర్ల వరకు నిరంతరం మోస్తాయి. 9 మిల్లీమీటర్ల పట్టాలపై నడిచే ఎన్ పరిమాణపు ఇంజన్లకు సరిపడే చిన్న డీకోడర్ల శక్తి అంతకంటె తక్కువగా ఉంటుంది. కొత్త ఇంజన్లలోని డబ్బా ఆకారపు చిన్న మోటార్లు చాలావరకు అర ఆంపియరు, ఆపై కొద్దిగా మాత్రమే లాగుతాయి. వాటికి చవకైన డీకోడరు నిశ్చింతగా సరిపోతుంది. తెరచాప మోటార్లుగా పిలువదగిన పాత తెరిచిన చట్రపు మోటార్లు మాత్రం ఒకటిన్నర, రెండు ఆంపియర్లు కూడా లాగవచ్చు.

గేర్లు శుభ్రం చేసి నూనె వేస్తే మామూలు నడకలో ప్రవాహం బాగా తగ్గుతుంది. కాని స్టాల్ కరెంటు తగ్గదు, ఎందుకంటే అది మోటారు చుట్టల నిరోధంపై ఆధారపడినది. కమ్యుటేటరు చీలికలలో పేరుకున్న బొగ్గు పొడిని తీసివేస్తే మాత్రం అక్కడ కారిపోయే ప్రవాహం ఆగుతుంది. అప్పటికీ రెండు ఆంపియర్లు దాటితే, పెద్ద డీకోడరు కొనడమా, మోటారునే మార్చడమా అని ఆలోచించాలి. చాలా సందర్భాలలో చిన్న కొత్త మోటారు, చవక డీకోడరు కలిపినా మొత్తం ఖర్చు పెద్ద తేడా ఉండదు. పైగా నడక మెరుగవుతుంది.

రెండవ పరీక్ష: మోటారు చట్రాన్ని తాకుతున్నదా?

ఇది మొదటిదానికంటె ముఖ్యం. పాత ఇంజన్లలో ఖర్చు తగ్గించడానికి తయారీదారులు లోహపు చట్రాన్నే ఒక తీగగా వాడుకున్నారు. అమెరికాలో లక్షలాదిమంది అభిరుచిపరులు ఎరిగిన ఆథెర్న్ "నీలిపెట్టె" డీజిల్ ఇంజన్లు ఇందుకు మంచి ఉదాహరణ. వాటిలో ఒక పట్టా విద్యుత్తు చక్రాల బోగీల నుంచి చట్రంలోనికి వచ్చి, మోటారు అడుగున ఉన్న రేకు గుండా ఒక బ్రష్‌కు చేరుతుంది. రెండవ పట్టా విద్యుత్తు మోటారు పైనున్న పొడవైన లోహపు పట్టీ గుండా రెండవ బ్రష్‌కు చేరుతుంది. పాత పద్ధతికి ఇది చక్కని, చవకైన ఏర్పాటు. డీసీసీకి మాత్రం నేరుగా ప్రాణాంతకం.

మార్చే పద్ధతి కష్టమైనది కాదు. రబ్బరు దిమ్మల నుంచి మోటారును విడదీసి పైకి తీయాలి. అడుగు రేకు చట్రాన్ని తాకే కొనలను వంచివేయాలి లేక తొలగించాలి. చట్రంపై, మోటారు కూర్చునే చోట, వేడికి తట్టుకునే కాప్టన్ టేపు అతికించాలి. అడుగు బ్రష్ రేకుకు ఒక తీగ, పై బ్రష్ రేకుకు మరొక తీగ టంకం వేయాలి. బోగీలను కలిపే పై పట్టీని మోటారుకు తగలకుండా వేరుచేసి, దాని నుంచి ఒక తీగను, చట్రం నుంచి మరొక తీగను డీకోడరుకు తేవాలి. ముందు దీపం ఒక కొనతో చట్రాన్ని తాకుతూ ఉంటే దానిని కూడా వేరుచేయాలి.

పని ముగిశాక మల్టీమీటరును శబ్దం చేసే స్థానంలో పెట్టి, మోటారు రెండు కొనలను ఒక్కొక్కటిగా, చట్రంతోను, కుడి చక్రాలతోను, ఎడమ చక్రాలతోను కలిపి చూడాలి. ఎక్కడా శబ్దం రాకూడదు. చక్రాలను చేతితో తిప్పుతూ, ఇంజనును తలక్రిందులు చేసి కూడా చూడాలి. తొడుగు బిగించిన తరువాత మరొకసారి చూడటం మంచిది, ఏలనంటే నొక్కుకున్న తీగలు అప్పుడే చట్రాన్ని తాకుతాయి.

నేను మార్చిన మొదటి ఇంజనులో చేసిన పొరపాటు ఈ చివరిదే. బల్లపై తొడుగు లేకుండా చక్కగా నడిచింది. ఆ సంతోషంలో తొడుగు బిగించి పట్టాలపై ఉంచాను. నారింజ తీగ తొడుగు అంచుకు, చట్రానికి మధ్య నలిగి పైపొర తెగింది. సన్నని పొగ, చేదు వాసన, ఆపై నిశ్శబ్దం. డీకోడరు నాసిరకపుదని కొన్నాళ్ళు అందరితో చెప్పుకున్నాను. తీగను చూసిన తరువాతగాని తప్పు నాదని తెలియలేదు. పదిసార్లు పరీక్షించడానికి పట్టే సమయం పది నిమిషాలు. మరొక డీకోడరు నా చేతికి రావడానికి పట్టినది నెలన్నర.

బ్రిటిష్ పాత ఇంజన్లలో కూడా ఒక బ్రష్ చట్రానికి తగిలే మోటార్లు చాలా ఉన్నాయి. మార్క్లిన్ వారి మూడు పట్టాల పాత ఇంజన్ల సంగతి వేరు. వాటి మోటార్లలో శాశ్వత అయస్కాంతానికి బదులు తీగ చుట్టే ఉంటుంది. వాటికి మామూలు డీకోడరు నేరుగా పనికిరాదు. ముందు మోటారులోనే మార్పు చేయాలి.

మూడవది: సాకెట్ ఉన్నదా?

కొత్త ఇంజన్లలో తయారీదారులే సాకెట్ పెట్టి ఇస్తారు. అప్పుడు టంకంతో పనిలేదు. ఎనిమిది పిన్నుల ఎన్ఈఎం 652, చిన్న ఇంజన్లకు ఆరు పిన్నుల ఎన్ఈఎం 651, ఇటీవలి ఇంజన్లలో 21 పిన్నుల ఎంటీసీ, ప్లక్స్ వర్గం, ఎన్ పరిమాణంలో నెక్స్ట్18 తరచు కనిపిస్తాయి. కొనేముందు పిన్నులు లెక్కించుకుంటే చాలు. ఎనిమిది పిన్నుల ప్లగ్గును తిరగేసి పెట్టినా సాధారణంగా ప్రమాదం లేదు. బండి నడుస్తుంది, దీపాలు మాత్రం వెలగవు. అటువంటప్పుడు డీకోడరును నిందించకుండా ప్లగ్గును తిప్పి పెట్టాలి.

సాకెట్ లేని ఇంజనుకు తీగల డీకోడరు కొనాలి. తీగల రంగులు ప్రమాణం ప్రకారం ఉంటాయి. ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు సంబంధించినవి. నారింజ, బూడిద రంగు తీగలు మోటారువి. నీలం దీపాలన్నింటికీ ఉమ్మడి ధన తీగ. తెలుపు ముందు దీపానిది, పసుపు వెనుక దీపానిది. ఆకుపచ్చ, ఊదా తీగలు అదనపు పనులకు. అమెరికన్ డీకోడర్లు కొన్ని తొమ్మిది పిన్నుల జేఎస్‌టీ ప్లగ్గుతో వస్తాయి. తీగల జడ ఇంజనులోనే ఉండిపోతుంది, అవసరమైతే డీకోడరును మాత్రం మార్చుకోవచ్చు. పలు ఇంజన్లున్నవారికి ఇది మంచి సదుపాయం.

దీపాల విషయంలో ఒక హెచ్చరిక. నీలం తీగపై ఉండే వోల్టేజి దాదాపు పట్టాల వోల్టేజి అంత ఉంటుంది. ఎల్ఈడీ పెడితే వరుసలో ఒక కిలో ఓమ్ నిరోధకం తప్పక ఉండాలి. రూపాయి ఖరీదు చేసే ఆ నిరోధకాన్ని మరచినవాడు ఎల్ఈడీని ఒక్క మెరుపుతో పోగొట్టుకుంటాడు. ఒకటిన్నర వోల్టు బల్బులకు కూడా తగిన నిరోధకం కావాలి.

ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోరాదు?

ఇప్పుడు ధర సంగతికి వద్దాం. అమెరికా అంగళ్ళలో శబ్దంలేని సాధారణ డీకోడరు ధర సుమారుగా 20 నుంచి 50 డాలర్ల మధ్య ఉంటుంది. కూత, ఇంజను హోరు వినిపించే డీకోడరు ధర అంతకు రెండు మూడింతలు. ఖర్చు తగ్గించుకోవాలంటే మొదట వదులుకోవలసింది శబ్దమే. తరువాత వదులుకోదగినవి: ఎనిమిది, పది దీపాల తీగలు, రకరకాల దీపకాంతుల విన్యాసాలు, డీకోడరు తిరిగి సమాచారం పంపే రైల్‌కామ్ సదుపాయం. ముందు దీపం, వెనుక దీపం మాత్రమే ఉన్న ఇంజనుకు రెండు దీపాల తీగలున్న డీకోడరు సరిపోతుంది. ఆకుపచ్చ, ఊదా తీగలను వాడకుండా మడిచి పెట్టేవాడు వాటికి కూడా డబ్బు చెల్లించినట్లే.

వదులుకోరానివి నాలుగు.

మొదటిది, చాలినంత ఆంపియర్ల శక్తి. దీనిని పైన వివరించాను.

రెండవది, అధిక ప్రవాహం నుంచి, అధిక వేడి నుంచి తనను తాను కాపాడుకునే ఏర్పాటు. ఇది ఉన్న డీకోడరు ప్రమాదం వచ్చినప్పుడు మోటారును ఆపి దీపాన్ని మినుకుమినుకుమనిపిస్తుంది. ఇది లేనిది మౌనంగా మాడిపోతుంది. అయినా, మోటారు చట్రానికి తగిలే పొరపాటు నుంచి ఈ ఏర్పాటు అన్నివేళలా కాపాడుతుందని నమ్మరాదు.

మూడవది, నిశ్శబ్దంగా నడిపే అధిక పౌనఃపున్యపు తుంపులు. పాతకాలపు డీకోడర్లు సెకనుకు వంద ప్రాంతంలో తుంపులు ఇచ్చేవి. మోటారు తుమ్మెదలా ఝుమ్మని మోగేది. ఇప్పటివి 16 వేలకు పైగా ఇస్తాయి. మనిషి చెవికి దాదాపు వినబడదు. లోపల ఇనుప గుండె లేని కోర్‌లెస్ మోటార్లకు ఇది సౌకర్యం కాదు, అత్యవసరం. తక్కువ పౌనఃపున్యం వాటిని వేడెక్కించి చెరుపుతుంది.

నాలుగవది, బ్యాక్ ఈఎంఎఫ్ నియంత్రణ. డీకోడరు తుంపుల మధ్య ఒక్క క్షణం విద్యుత్తును ఆపుతుంది. ఆ క్షణంలో తిరుగుతున్న మోటారే జనరేటరుగా మారి కొంత వోల్టేజిని పుట్టిస్తుంది. వేగం ఎంతో ఆ వోల్టేజి అంత. దానిని చూసి డీకోడరు, బండి ఎత్తు ఎక్కుతుంటే శక్తి పెంచుతుంది, దిగుతుంటే తగ్గిస్తుంది. స్టేషనులోనికి నడక వేగంతో బండిని తేవాలనుకునేవారికి ఇదే ప్రాణం. కొత్త, నున్నని మోటారుకు ఇది లేకున్నా సర్దుకోవచ్చు. ముక్కుతూ మూలుగుతూ కదిలే పాత మోటారుకు తప్పక కావాలి. పాత ఇంజనుకు చవక డీకోడరు చాలునని అనుకుంటారు గాని, మంచి నియంత్రణ ఎక్కువ కావలసింది పాత ఇంజనుకే.

ఊరూ పేరూ లేని డీకోడరు అతి చవకగా కనిపించినప్పుడు రెండు విషయాలు విచారించాలి. ఒకటి, నిరంతర ప్రవాహం, సెట్టింగుల పట్టిక స్పష్టంగా అచ్చువేసి ఇచ్చారా? రెండు, జేఎంఆర్ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేరులోని డీకోడర్‌ప్రో జాబితాలో ఆ డీకోడరు ఉన్నదా? ఉంటే ఎవరో దానిని వాడి, వివరాలు నమోదు చేశారని అర్థం. రెండూ లేకుంటే ఆ చవకదనం జోలికి పోకపోవడమే మేలు.

మొదటిసారి విద్యుత్తు ఇచ్చేటప్పుడు

డీకోడరు బిగించిన వెంటనే ప్రధాన పట్టాలపై పెట్టరాదు. డీసీసీ కంట్రోలరుకు ప్రోగ్రామింగ్ పట్టా అని వేరుగా ఒక జత కొసలుంటాయి. అక్కడ ప్రవాహాన్ని పరిమితంగా ఉంచుతారు కనుక, తీగలలో తప్పున్నా డీకోడరు బతికి బయటపడే అవకాశం ఎక్కువ. ప్రధాన పట్టాలలో అనేక ఆంపియర్లు సిద్ధంగా ఉంటాయి. అక్కడ క్షమాపణ లేదు.

డీకోడరు గుర్తుంచుకునే సెట్టింగులను సీవీలంటారు. ప్రతిదానికి ఒక సంఖ్య ఉంటుంది. ముందుగా సీవీ 1 చదవమని ఆజ్ఞాపించాలి. కొత్త డీకోడరు చిరునామా 3 కాబట్టి 3 అని జవాబు రావాలి. డీకోడరు జవాబు చెప్పే విధానం తమాషాగా ఉంటుంది. మోటారును క్షణంలో కొద్ది భాగం పాటు కదిలించి, కనీసం 60 మిల్లీఆంపియర్ల ప్రవాహం లాగి తన సమ్మతిని తెలుపుతుంది. అందుకే చదివినప్పుడల్లా ఇంజను ఉలిక్కిపడినట్లు కదులుతుంది. జవాబు రాకపోతే మోటారు తీగలు సరిగా కలవలేదేమో చూడాలి.

సీవీ 8లో తయారీదారు సంఖ్య ఉంటుంది. డిజిట్రాక్స్ 129, లెంజ్ 99, జిమో 145, ఈఎస్‌యూ 151. పేరున్న సంస్థదని చెప్పి అమ్మినది నిజంగా ఆ సంస్థదేనా అని చూసుకోవడానికి ఇది ఉపకరిస్తుంది. సీవీ 3 వేగం అందుకునే తీరును, సీవీ 4 నెమ్మదించే తీరును, సీవీ 5 గరిష్ఠ వేగాన్ని నిర్ణయిస్తాయి. ఇంజను ముందుకు పొమ్మంటే వెనక్కి పోతుంటే టంకం ఊడదీయనక్కరలేదు. సీవీ 29 విలువకు ఒకటి కలిపితే దిశ మారుతుంది. కొద్ది రోజులు చిరునామా 3తోనే నడిపి చూసి, తృప్తి కలిగిన తరువాత ఇంజను నంబరును చిరునామాగా ఇవ్వవచ్చు. పొడవైన చిరునామాలు 10239 వరకు ఉంటాయి కనుక ఇంజనుపై రాసిన నాలుగంకెల సంఖ్యనే వాడుకోవచ్చు.

మొత్తం ఖర్చు తగ్గించుకునే దారి

ఇంట్లో ఉన్న ఇంజన్లన్నింటినీ ఒకేసారి మార్చనవసరం లేదు. వాటిని మూడు వరుసలుగా పేర్చుకోవాలి. తరచు నడిచేవి, సాకెట్ ఉన్నవి మొదటి వరుస. తరచు నడిచినా చట్రం పని అవసరమైనవి రెండవ వరుస. అలమరలో అలంకారంగా ఉండేవి మూడవ వరుస. మొదటి వరుసతో ప్రారంభిస్తే చేయి తిరుగుతుంది, ఖర్చు నెలల మీద సర్దుకుంటుంది. మూడవ వరుసకు డీకోడరే అక్కరలేదు. ఒకే డీకోడరును నాలుగైదు కలిపి తెప్పించుకుంటే తపాలా ఖర్చు పంచుకుపోతుంది, సెట్టింగులు కూడా ఒకసారి నేర్చుకుంటే చాలు. అయితే మొదట ఒక్కటి తెప్పించి, బిగించి, నడిపి చూసిన తరువాతనే మిగిలినవి తెప్పించాలి.

కొన్ని డీసీసీ కంట్రోలర్లు డీకోడరు లేని ఒక ఇంజనును సున్న చిరునామాతో నడపనిస్తాయి. ఇది చూడటానికి ఉచితమైన మార్గమే. కాని మోటారు నిలిచి ఉన్నప్పుడు కూడా మోగుతూ వేడెక్కుతుంది. కోర్‌లెస్ మోటారు అయితే చెడిపోతుంది. దీనిని పొదుపు మార్గంగా భావించరాదు.

కంట్రోలరు విషయంలో కూడా చవక దారి ఒకటున్నది. 2015లో డీసీసీ ప్లస్ ప్లస్ పేరుతో మొదలై, తరువాత డీసీసీ-ఈఎక్స్‌గా పెరిగిన ఉచిత పథకం, ఆర్డ్వినో మెగా పలకతో, మోటారు షీల్డు పలకతో కంట్రోలరును ఇంట్లోనే తయారుచేసుకునే వీలు కల్పించింది. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలున్న ఇంట్లో ఇది వినోదమూ, విద్యా. కంట్రోలరుపై మిగిలిన డబ్బును మంచి డీకోడరుపై పెట్టడం తెలివైన పని.

ఈ పనికి దిగే ముందు పెద్ద నమూనా రైల్వే ఎలా ఉంటుందో చూడదలచినవారు, మహారాష్ట్రలో ఉన్నట్లయితే, పుణెలో 1998లో తెరిచిన జోషీ గారి సూక్ష్మ రైల్వే మ్యూజియాన్ని ఒకసారి దర్శించవచ్చు. పిల్లలతో వెళితే మరీ మంచిది.

చివరిగా ఒక మాట. తాతగారు కొన్నదో, మేనమామ పంపినదో ఒక పాత ఇంజను మీ అలమరలో ఉండవచ్చు. దానిని మళ్ళీ నడిపించాలనే కోరిక మంచిది. డీకోడరు పోతే మరొకటి తెప్పించుకోవచ్చు, ఆ ఇంజనును మాత్రం మళ్ళీ తేలేము. కాబట్టి ముందు మల్టీమీటరు కొనండి, తరువాత ఇంజను మూత విప్పండి, రెండు పరీక్షలూ పూర్తిచేసి కాగితంపై అంకెలు రాసుకోండి. ఆ కాగితం చేతిలో పట్టుకొని ధరల పట్టిక చూసినప్పుడు, మీకు చవకైన డీకోడరు ఏదో దానంతట అదే కనిపిస్తుంది.